మనోరమమ్మ తరఫున

కర్టెన్ రాడ్డును కిటికీకి జానెడు పైన కొట్టమంది నమిత. అట్లా కొడితే చిన్న గది కూడా ఎత్తుగా కనబడుతుంది. స్టూలు మీద నిలబడి గోడ మీద పెన్సిలుతో గీత గీసి, కిందికి దిగి, గుమ్మం దాకా వెనక్కి నడిచి చూసింది. ఇల్లు కొనడానికి వచ్చేవాళ్లు మొదట ఆగేది ఆ గుమ్మంలోనే.

"ఈడనా అమ్మా?" డ్రిల్లింగ్ మిషన్ పైకెత్తి అడిగాడు మునిరాజు.

"ఇంకా కొంచెం పైకప్పా. ఆ గీత మీదనే."

హోసూరు బయట, కెలవరపల్లి డ్యామ్‌కు పోయే దారిలో ఉందా ఇల్లు. పైన వానలు పడి నీళ్లు వదిలిన రోజుల్లో ఏటి వైపు నుంచి సబ్బు నురగలాంటి తెల్లటి ముద్దలు గాలికి ఎగిరొచ్చి కాంపౌండు గోడ మీద వాలుతాయి. ఆ రోజూ వాలాయి. కొనేవాళ్లు వచ్చేలోగా గోడ కడగాలని నమిత మనసులో అనుకుంది.

నమిత ఉద్యోగం చేసే గిరిప్రసాద్ కంపెనీ పని ఇదే. అమ్మకానికి వచ్చిన ఖాళీ ఇళ్లకు సామాన్లు తెచ్చిపెట్టి, అమ్ముడుపోయేదాకా ఎవరో సుఖంగా కాపురం చేస్తున్నట్టు చూపించడం. సోఫా, దీపాలు, అద్దాలు, గాజుగిన్నెలో ప్లాస్టిక్ నిమ్మకాయలు, అన్నీ గోడౌన్ నుంచి టెంపోలో వస్తాయి, అమ్మకం కాగానే వెనక్కి పోతాయి. అన్నిటికంటే ముందు చేయాల్సింది మాత్రం పాత కాపురం ఆనవాళ్లు తుడిచెయ్యడం. ఇంకొకరి బతుకు కనబడితే కొనేవాడి మనసు వెనక్కి పోతుందని గిరిప్రసాద్ చెప్తాడు.

వంటింటి అలమరలో పచ్చడి జాడీలు ఏళ్ల తరబడి కూర్చున్నచోట గుండ్రటి నూనె మరకలు పడి ఉన్నాయి. నమిత కొంగు దోపుకుని, సోడా పొడి చల్లి, వాటిని రుద్దుతూ కూర్చుంది. స్నానాలగదిలో గోడకు ఒక స్టీలు పిడి ఉంది. ఇంటి ఓనరు మనోరమమ్మ భర్త జబ్బుపడి లేవలేని రోజుల్లో బిగించినది. దాన్ని విప్పించి, రంధ్రాలకు తెల్ల సిమెంటు పూయించింది. ఆయన పోయి ఏడాది దాటింది. అప్పటి నుంచి మనోరమమ్మ కృష్ణగిరిలో మరిది చంద్రశేఖర్ ఇంట్లో ఉంటోంది.

మిగతా ఇళ్లకూ దీనికీ ఒక తేడా ఉంది. ఈ ఇంటికి నమిత ఒట్టి అలంకరణకు వచ్చిన మనిషి కాదు. మనోరమమ్మ తరఫున పవర్ ఆఫ్ అటార్నీ ఆమె పేరుతోనే రిజిస్టరైంది. "నా పేరు వద్దమ్మా. మగవాడంటే ఆమె బెదురుతుంది. నువ్వయితే నమ్ముతుంది" అన్నాడు గిరిప్రసాద్. అంత పెద్ద పత్రం మీద తన ఫొటో, తన వేలిముద్ర చూసుకుని నమిత గర్వపడింది కూడా. ఆ రోజు రిజిస్టర్ ఆఫీసులో మనోరమమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, "ఆడబిడ్డవు. నా ఇల్లు చూసుకో తల్లీ" అంది. చూసుకుంటానమ్మా అని నమిత అన్నది.

నూనె మరకల్లో చివరిది పోతుండగా ఫోను మోగింది. తెలియని నంబరు.

"నమితా..." గొంతు బాగా తగ్గించి, మాటకూ మాటకూ నడుమ ఆగుతూ ఎవరో ఆడమనిషి. "కిటికీలు మూసినావా?"

"ఎవరండీ?"

"నా ఇంటి కిటికీలు. దుమ్ము పడతాది. ఇంట్లో... ఇంట్లో ఎవరుండారు?"

"మనోరమమ్మా? మీరేనా? యాడి నుంచి చేస్తా ఉండారు?"

అవతల ఏదో కిందపడిన చప్పుడు. ఫోను తెగిపోయింది. నమిత అదే నంబరుకు తిరిగి చేసింది. మగగొంతు ఎత్తింది. "రాంగ్ నంబరమ్మా" అని పెట్టేసింది. అది చంద్రశేఖర్ గొంతు. రిజిస్టర్ ఆఫీసులో ఒకపూట విన్నది కాబట్టి గుర్తుపట్టింది.

సాయంత్రం గిరిప్రసాద్ వచ్చాడు. తెల్లచొక్కా, నుదుట సన్నటి గంధం. ఎవరితోనూ గొంతు పెంచి మాట్లాడడు. గది గదికీ తిరిగి, సోఫా మీది దిండును కొంచెం పక్కకు జరిపి, "బాగుండాదమ్మా" అన్నాడు. నమిత ఫోను సంగతి చెప్పింది.

"పాపం, మొగుడు పోయినాక ఆమెకు మనసు కుదురుగా లేదు. చంద్రశేఖర్ బాగానే చూసుకుంటా ఉండాడు" అన్నాడు ఆయన. "నువ్వు మనసులో పెట్టుకోకు. రేపు బెంగళూరు వాళ్లొస్తారు. కాఫీపొడి పొయ్యి మీద కొంచెం వేయించు. ఇల్లంతా వాసన రావాల."

మర్నాడు బెంగళూరు నుంచి ఒక మొగుడూ పెళ్లామూ వచ్చారు. ఆమె గుమ్మంలోనే ఆగి, నమిత అనుకున్నట్టే పైకి చూసి, "ఎంత ఎత్తుగా ఉంది!" అంది. వంటింట్లో కాఫీ వాసనకు ఇద్దరూ నవ్వుకున్నారు. మధ్యాహ్నానికి బయానా ఇచ్చారు. రసీదు మీద మనోరమమ్మ తరఫున నమిత సంతకం పెట్టింది. గిరిప్రసాద్ పెన్ను మూత తీసి ఇచ్చాడు.

"సోమవారం రిజిస్ట్రేషను. మంచిరోజు" అన్నాడు.

*

పవర్ ఇచ్చిన మనిషి బతికే ఉందని డాక్టరు రాసిస్తేనే రిజిస్టర్ ఆఫీసులో పత్రం నడుస్తుంది. ఆ లైఫ్ సర్టిఫికెట్ కోసం శుక్రవారం నమితను కృష్ణగిరికి పంపాడు గిరిప్రసాద్.

చంద్రశేఖర్‌ది కొండ కింద పాత వీధిలో పాత్రల అంగడి. పైన ఇల్లు. అంగడి ముందు వేలాడదీసిన అల్యూమినియం దబరాలు గాలికి ఒకదానికొకటి తగిలి మోగుతున్నాయి. చంద్రశేఖర్ గల్లాపెట్టె దగ్గర నుంచి లేచి, "దా అమ్మా, డాక్టరు కూడా వచ్చేసినాడు" అని ఆమెను పైకి తీసుకుపోయాడు.

గదిలో అడుగుపెట్టిన మరుక్షణమే ఏదో తేడాగా అనిపించి నమిత గుమ్మంలోనే ఆగింది. ఎందుకో ముందు తెలియలేదు. అంతా శుభ్రంగా, అందంగా ఉంది. కిటికీ దగ్గర పేము కుర్చీ, వెలుతురు ముఖం మీద పడేలా కొంచెం ఏటవాలుగా తిప్పి ఉంది. కుర్చీలో మనోరమమ్మ. వీపు నిలబడడానికి వెనక రెండు దిండ్లు. గంజిపెట్టిన కొత్త చీర. ముఖానికి పౌడరు. ఒళ్లో సగం కట్టిన మల్లెల దండ, పక్కన విడిపూలు. పూలు కడుతూ కడుతూ ఇప్పుడే తల ఎత్తినట్టు ఉంది. కానీ వేళ్లు కదలడం లేదు. దారం ఆ వేళ్లలో లేనేలేదు.

తనే అయితే కుర్చీని ఇంకొంచెం కిటికీ వైపు జరిపేదాన్ననుకుంది నమిత. అనుకున్నందుకు సిగ్గేసింది.

డాక్టరు తొందరలో ఉన్నాడు. నాడి పట్టుకుని తమిళంలో పేరు అడిగాడు. మనోరమమ్మ పెదాలు రెండుసార్లు కదిలాక, "మనోరమ" అన్న మాట వచ్చింది. "ఊరు?" ఆమె జవాబు వెతుక్కుంటుండగానే, "వదినకు రాత్రి నిద్ర లేదు డాక్టర్" అన్నాడు చంద్రశేఖర్. డాక్టరు తలూపి, స్పృహలో ఉన్నదనీ ఆరోగ్యంగా ఉన్నదనీ రాసి, ముద్ర వేసి లేచాడు. చంద్రశేఖర్ ఆయన వెంట కిందికి దిగాడు. అతని భార్య ధన్య గుమ్మంలో నిలబడి ఉంది. వంటింట్లో కుక్కరు కూత వేసింది. ఆమె ఒక్క నిమిషం తటపటాయించి లోపలికి పోయింది.

మనోరమమ్మ చెయ్యి మల్లెపూల మీంచి జారి నమిత మణికట్టును పట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది, పట్టు మాత్రం గట్టిగా ఉంది.

"మాత్ర ఇస్తారు. పొద్దున, రాత్రి" అంది నాలుక మందంగా తిరుగుతుంటే. "మాట కుదరదు. అమ్మేస్తా ఉండావా?"

"మీరే కదమ్మా పవర్ ఇచ్చినారు, అమ్మేదానికి."

"బాడుగకు పెట్టేదానికని చెప్పినారు. ఇల్లు ఊరికే పెడితే పాడైపోతాదని. నేను పోయి ఆడే ఉంటానన్నాను. అన్నప్పటి నుంచి..." ఆమె కళ్లు తలుపు వైపు తిరిగాయి. "చూడు. గడియ యాడ ఉండాదో."

నమిత చూసింది. లోపల గడియ ఉండాల్సిన చోట చెక్క తెల్లగా చెక్కుకుపోయి ఉంది. బయటివైపు కొత్త గడియ, ఇంకా మెరుస్తున్న మేకులు.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. మనోరమమ్మ చెయ్యి తీసేసి, మళ్లీ మల్లెల మీద పెట్టుకుంది. చంద్రశేఖర్ వచ్చేసరికి ఆమె ఎట్లా కూర్చోబెడితే అట్లా కూర్చుని ఉంది.

"ఏమంటా ఉండాది వదిన?" నవ్వుతూ అడిగాడు.

"ఏం లేదన్నా. పూలు బాగుండాయని చెప్తా ఉండాను" అంది నమిత.

బస్సులో కూర్చున్నాక గానీ మణికట్టు మీద ఎర్రటి వేళ్ల గుర్తులు చూసుకోలేదు.

*

శనివారం గోడౌన్‌లో గిరిప్రసాద్ ఒక్కడే ఉన్నప్పుడు అడిగింది. మనోరమమ్మకు అమ్మడం ఇష్టం లేదనీ, ఆ ఇంట్లో ఆమెను ఏ తీరుగా పెట్టారో తను కళ్లారా చూసిందనీ చెప్పింది. ఆయన మధ్యలో ఆపలేదు. కొత్తగా వచ్చిన గోడ గడియారాలకు చుట్టిన కాగితం విప్పుతూ, మడతపెడుతూ, అంతా విన్నాడు.

"అమ్మా నమితా, పవర్ ఎవరి పేర ఉండాది?"

"నా పేర."

"బయానా రసీదు మీద?"

నమితకు తను పెట్టిన సంతకం, ఆయన మూత తీసిచ్చిన పెన్ను గుర్తొచ్చాయి.

"నీదే. నా పేరు యాడన్నా ఉందేమో చూడు. మనం ఇల్లు సింగారించేవాళ్లం. చంద్రశేఖర్ వాళ్లింటి మనిషి, ఆయన చెప్పినట్టు చేస్తాము. ఇప్పుడు నువ్వు కాదంటే బెంగళూరువాళ్లు కేసు పెడతారు. ఎవరి మీద? అమ్ముతానని బయానా తీసుకున్న మనిషి మీద." కాగితాన్ని నాలుగు మడతలు చేసి బల్ల మీద పెట్టాడు. "నేను నిన్ను బెదిరించేది లేదమ్మా. నువ్వు నా బిడ్డ మాదిరి. సోమవారం ఒక్క సంతకం. ఆ తర్వాత ఈ ఇంటి సంగతే మనకొద్దు."

ఆదివారం మధ్యాహ్నం ఆయన చెప్పాపెట్టకుండా నమిత ఇంటికి వచ్చాడు. చేతిలో మామిడిపండ్ల బుట్ట. నమిత వాళ్లమ్మ సుబ్బక్క కంగారుపడి ఫ్యాను వేసి, చాప తీసి కుర్చీ వేసింది. ఆయన చెప్పులు బయట వరసగా విడిచి, కాఫీ తీసుకుని, ఒక్కొక్క గుక్కే తాగుతూ, సుబ్బక్క మోకాళ్ల నొప్పుల గురించి అడిగాడు. ఊత్తంగరై దగ్గర మంచి వైద్యుడున్నాడని చెప్పాడు. నమిత గోడకు ఆనుకుని నిలబడింది.

ఆయన కళ్లు కాఫీ గ్లాసు మీంచి లేచి ఇల్లంతా తిరిగాయి. రేకుల కప్పు, కిటికీ, వెనక తలుపులోంచి కనబడే చిన్న పెరడు. కొనడానికి వచ్చినవాళ్లకు చూపించే ముందు ఇంటిని ఆయన ఎప్పుడూ అట్లాగే చూస్తాడు. ఆ చూపు నమితకు తెలుసు.

"చిన్నదైనా వెలుతురు బాగుండాదమ్మా. ఇల్లు ఎవరి పేర?"

"నా పేరేనప్పా" అంది సుబ్బక్క మురిసిపోతూ. "మా ఆయన కట్టించి పోయినాడు. పట్టా కూడా నా పేరే. పన్ను కట్టేదానికి ఆఫీసుకు పోవాలంటే ఈ కాళ్లతోనే కష్టం."

"మీరేం తిరుగుతారు ఆఫీసుల చుట్టూ? నాకు చెప్పండి. ఒక సంతకం పెట్టిస్తే అంతా నేను చూసుకుంటాను. నమిత నాకు వేరే మనిషా?"

"దేవుడి మాదిరి వచ్చినావప్పా" అంది సుబ్బక్క.

ఆయన లేచి, చెప్పులు వేసుకుంటూ, నమిత వైపు తిరిగి, "రేపు పొద్దున తొందరగా రా అమ్మా" అన్నాడు. ఆయన తెల్ల కారు సందు మలుపు తిరిగేదాకా సుబ్బక్క గుమ్మంలోనే నిలబడి చూసింది. లోపలికి వచ్చి పండు ముక్కలు కోసి కూతురికిచ్చింది. నమిత నోట పెట్టుకోలేకపోయింది. "అమ్మా, ఆయన ఏ కాగితం తెచ్చినా సంతకం పెట్టకు. నేను చెప్పినా పెట్టకు" అంది. సుబ్బక్క కత్తి పట్టుకునే అట్లా చూస్తుండిపోయింది.

*

సోమవారం పొద్దున నమిత రిజిస్టర్ ఆఫీసుకు పోలేదు. కృష్ణగిరి బస్సెక్కింది. సాక్షి సంతకానికి చంద్రశేఖర్‌ను గిరిప్రసాద్ కారులో హోసూరుకు తీసుకుపోతాడని తెలుసు. శూలగిరి దాటుతుండగా ఎదురు దారిలో తెల్ల కారొకటి పోయింది. అది గిరిప్రసాద్‌దేనా కాదా అని తల తిప్పి చూసేలోగా వెళ్లిపోయింది.

అంగడి ఇంకా తెరవలేదు. పక్కమెట్లు ఎక్కి తలుపు తట్టింది. ధన్య తీసింది. తడితల, భుజం మీద తువ్వాలు.

"రిజిస్టర్ ఆఫీసులో ఓనరమ్మనే రమ్మంటా ఉండారంట. లేకపోతే అంతా ఆగిపోతాది. తీసుకురమ్మన్నారు" అంది నమిత. దారి పొడుగునా ఆ మాటనే మనసులో అనుకుంటూ వచ్చింది.

"ఆయన నాకేం చెప్పలేదే. ఒకసారి ఫోను చేస్తాను ఉండండి."

నమిత సంచిలోంచి పవర్ పత్రం తీసింది. ముద్రలు, స్టాంపులు, తన ఫొటో. "ఇది చూడండి. మనోరమమ్మ తరఫున ఏ పని చెయ్యాలన్నా నేనే. మీరు ఆపితే రేపు మీరే జవాబు చెప్పుకోవాల" అంది.

అబద్ధం. ఆ పత్రం ఇంటి మీద హక్కిచ్చిందే గానీ మనిషి మీద ఇవ్వలేదు. ఆ సంగతి నమితకు తెలుసు. తెలియని మనిషి ముఖం ముందు కాగితం పెట్టి భయపెట్టడం ఎక్కడ నేర్చుకుందో కూడా తెలుసు. కాగితాన్ని అట్లాగే పట్టుకుని నిలబడింది.

ధన్య పత్రాన్ని చదవలేదు. చాలాసేపు నమిత ముఖంలోకే చూసింది. ఫోను ఆమె చేతిలోనే ఉంది. తర్వాత దాన్ని అలమరలో పెట్టి, మనోరమమ్మ గది బయటి గడియ తీసి, మంచం కింద నుంచి ఆమె చెప్పులు తెచ్చి గుమ్మం ముందు పెట్టింది.

"ఈ పొద్దున మాత్ర ఇయ్యలేదు" అంది ఎటో చూస్తూ. "నేను స్నానానికి పోయినాను. తిరిగొచ్చేసరికి మీరు లేరు. అంతే."

"మీకేమన్నా..."

"పోండమ్మా, నిలబడకండి."

మనోరమమ్మ మెట్లు ఒక్కొక్కటే దిగింది. ఒక చెయ్యి గోడ మీద, ఒక చెయ్యి నమిత భుజం మీద. ఎక్కడికని అడగలేదు. ఆటోలో కూర్చున్నాక, "ఈ రోజే అమ్మేది?" అని మాత్రం అడిగింది.

"అమ్మేది లేదు. మీరు లోపలికొచ్చి వద్దని చెప్పాల. అది చాలు."

బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆమె బయటికే చూస్తూ ఉండిపోయింది. గాలికి మొహం మీదికి వచ్చిన వెంట్రుకలను కూడా తోసుకోలేదు. నమిత ఫోను మోగుతూనే ఉంది. ఒకసారి ఎత్తి, "దారిలో ఉండాను సార్. వచ్చేస్తా ఉండాను" అంది.

"యాడున్నావమ్మా?" గిరిప్రసాద్ గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. "బస్సు చప్పుడు వినబడతా ఉండాదే."

నమిత ఫోను ఆపేసింది.

*

రిజిస్టర్ ఆఫీసు వరండా నిండా జనం. ఫైళ్లు, చెరుకురసం గ్లాసులు, చంకన పిల్లలు. బెంగళూరు దంపతులు బెంచీ చివర కూర్చుని ఉన్నారు. గిరిప్రసాద్, చంద్రశేఖర్ గేటు వైపే చూస్తున్నారు. ఆటో దిగిన నమిత వెనక మనోరమమ్మ దిగడం చూసి చంద్రశేఖర్ రెండడుగులు ముందుకు వేశాడు. గిరిప్రసాద్ అతని మోచెయ్యి పట్టుకుని ఆపి, తనే ఎదురొచ్చాడు.

"అయ్యో, ఈ ఎండలో మీరెందుకమ్మా కష్టపడినారు?" అని మనోరమమ్మకు చెయ్యి అందించాడు. ఆమె ఆ చేతిని చూసింది. పట్టుకోలేదు. నమిత వైపు మాత్రం ఆయన ఒక్కసారి చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఆదివారం రేకుల కప్పును చూసినట్టే చూశాడు.

లోపల సబ్‌రిజిస్ట్రార్ బల్ల అవతల కూర్చున్నది నడివయసు ఆడమనిషి. కాగితాలు తిప్పి, "పవర్ ఏజెంట్ ఎవరు?" అని తమిళంలో అడిగింది.

"నేను మేడమ్. పవర్ ఇచ్చిన ఆమె కూడా వచ్చింది. ఆమెనే అడగండి."

చంద్రశేఖర్ ముందుకు వంగాడు. "మా వదినకు మతి స్థిమితం లేదు మేడమ్. ఈ అమ్మాయి మాకు చెప్పకుండా ఎత్తుకొచ్చేసింది."

సబ్‌రిజిస్ట్రార్ ఫైల్లోంచి ఒక కాగితం తీసి చదివింది. "శుక్రవారం డాక్టరు స్పృహలో ఉంది, ఆరోగ్యంగా ఉంది అని రాసినాడు. ఇది మీరిచ్చిందే కదా?"

చంద్రశేఖర్ నోరు తెరిచి, గిరిప్రసాద్ వైపు చూశాడు. గిరిప్రసాద్ కర్చీఫుతో మెడ తుడుచుకుంటూ కిటికీ వైపు తిరిగాడు. ఎవరో తెలియని మనుషుల తగాదా మధ్యలో ఇరుక్కున్నవాడిలా ఉన్నాడు.

"మీ పేరేందమ్మా?"

"మనోరమ." ఈసారి మాట వెంటనే వచ్చింది.

"ఇల్లు అమ్మడం మీకు సమ్మతమేనా?"

"లేదు. అది నేనుండే ఇల్లు." మనోరమమ్మ బల్ల అంచును రెండు చేతులతో పట్టుకుంది. "ఈ అమ్మాయికిచ్చిన పవర్ తీసెయ్యాల. దానికేం చెయ్యాల?"

గదిలో ఉన్నవాళ్లందరూ నమిత వైపు తిరిగారు. బెంగళూరు ఆమె చేతిసంచిని ఒళ్లోకి లాక్కుంది. ముసలామె ఆస్తి కాజెయ్యబోయి పట్టుబడిన మనిషిని చూసే చూపులవి. నమిత ఏదో చెప్పబోయింది. చెప్పాల్సింది పెద్దదిగా ఉంది. బదులుగా రద్దు పత్రం ఎవరు రాస్తారని సబ్‌రిజిస్ట్రార్‌నే అడిగింది.

ఎదురు వీధిలో పత్రాలు రాసే లక్ష్మణప్ప మధ్యాహ్నం దాకా కూర్చుని రద్దు పత్రం టైపు చేశాడు. అలవాటు చొప్పున బిగ్గరగా చదివాడు. "...సదరు నమితకు నా ఆస్తి విషయమై ఈ దినం మొదలు ఎటువంటి హక్కూ అధికారమూ లేవని..." కళ్లద్దాల మీంచి నమితను ఒక చూపు చూసి, పేరు సరిగ్గా పడిందా అని అడిగాడు. సరిగ్గానే పడిందంది. రద్దు రిజిస్టరయ్యాక అసలు పత్రాన్ని సంచిలోంచి తీసి మనోరమమ్మ చేతికిచ్చింది.

"ఇంక ఎవరికీ ఇయ్యను" అంది మనోరమమ్మ దాన్ని చీరకొంగులో చుట్టుకుంటూ. "నీక్కూడా."

"ఇయ్యకండమ్మా" అంది నమిత. కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి ఎందుకొచ్చాయో ఆమెకే తెలియలేదు.

*

వాళ్లు కెలవరపల్లి దారిలోని ఇంటికి చేరేసరికి గేటు ముందు టెంపో నిలబడి ఉంది. మునిరాజు సోఫాను బయటికి మోస్తున్నాడు. నమితను చూసి ఆగి, "సామాన్లన్నీ ఇప్పుడే ఎత్తేయమని సార్ ఫోను చేసినాడమ్మా. నువ్వు ఇంక పనికి రావద్దని కూడా చెప్పమన్నాడు" అన్నాడు నేల చూస్తూ.

"ఎత్తుకుపో అప్పా. ఇంకో చెయ్యి కావాలంటే నేను పడతాను."

మనోరమమ్మ వాకిట్లో నిలబడి తన ఇంట్లోంచి తనవి కాని వస్తువులు పోవడం చూసింది. అద్దాలు, దీపాలు, కర్టెన్లు, ప్లాస్టిక్ నిమ్మకాయలు. వెనక గదిలో కట్టిపెట్టిన ఆమె సామాన్లను నమిత విప్పబోతే, "రేపు చూద్దాంలే" అంది. టెంపో పోయాక ఇల్లు బోడిగా మిగిలింది. మనోరమమ్మ గదులన్నీ తిరిగింది. స్నానాలగది గోడ మీద తెల్ల సిమెంటు చుక్కల్ని వేలితో తడిమింది.

"చంద్రశేఖర్ వస్తాడు" అంది మనోరమమ్మ హాల్లోకి వచ్చి.

"రావచ్చు."

"ఆ ఇంకొకాయన?"

"ఆయనా రావచ్చు. బెంగళూరువాళ్లు నా మీద కేసు కూడా పెట్టొచ్చు."

"అయితే నువ్వు ఇంటికి పో. నీకు ఈడ పనేం లేదు కదా, పవర్ కూడా లేదు."

"లేదు" అంది నమిత. "పోతాను. కొంచెంసేపు కూర్చుని పోతాను." వాళ్లమ్మకు ఫోను చేసి, తలుపేసుకుని ఉండమనీ ఎవరొచ్చినా తియ్యొద్దనీ చెప్పింది.

మనోరమమ్మ గోడవారగా నేల మీద కూర్చుంది. కొంతసేపటికి కొంగు పరుచుకుని, చెయ్యి తల కింద పెట్టుకుని ఒరిగింది. కిటికీలోంచి పడిన పొద్దు వెలుతురు ఆమె పాదాల మీదికి పాకి, గోడెక్కి, సన్నగిల్లింది. ఊపిరి నెమ్మదిగా, ఒకే తీరుగా సాగసాగింది. పూర్తిగా నిద్రపోయింది. నిద్రలో నోరు కొంచెం తెరుచుకుంది. నుదుటి మీద ముడతలు ఒక్కొక్కటే విడిపోయాయి.

నమిత లేచి పోదామనుకుంది. చెప్పులు వేసుకోవడానికి గుమ్మం దాకా వచ్చింది. అప్పుడే రోడ్డు మీద కారు ఆగిన చప్పుడైంది. ఇంజను ఆగింది గానీ తలుపులు తెరుచుకోలేదు. కాంపౌండు గోడ మీంచి దాని తెల్లటి పైకప్పు కనబడుతోంది.

నమిత వెనక్కి తిరిగి మనోరమమ్మను చూసింది. ఆమె కదల్లేదు.

చెప్పులు పక్కకు తోసి, గుమ్మంలో అడ్డంగా, రెండు చేతులూ మోకాళ్ల చుట్టూ వేసుకుని కూర్చుంది. గేటు అవతల కారు తలుపు తెరుచుకుంది. నమిత లేవలేదు.